ఐదు పొయ్యిల ఉప్పుచేప

పక్క ఫ్లాట్‌లో ఎవరో ఉప్పుచేప కాలుస్తున్నారు. మా అమ్మాయి ముక్కు మూసుకుని చరిత్ర పాఠం చదువుతోంది: పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా నగరాలకు వలస వచ్చినవాళ్లు గాలీ వెలుతురూ లేని చోట, ఇంటిల్లిపాదీ ఒకే గదిలో, దుర్భరంగా బతికారట. ఇరుకు నిజమే, రోగాలూ నిజమే, కాదనను. కానీ దుర్భరమని రాసినాయన ఆ గదుల్లో పెరిగిన పిల్లల్ని ఒక్కసారైనా అడిగాడా?

నన్నడిగితే చెబుతాను. ఉప్పాడ నుంచి రాజమండ్రి వచ్చి మిల్లు పనిలో చేరిన మా నాన్న మమ్మల్ని దించింది ఆరు గదుల వరసింట్లో, గదికో సంసారం. అందరికీ ఒకే కుళాయి, ఒకే దొడ్డి. వాన పడితే ఆరిళ్ల బట్టలూ ఒకే వసారాలో వేలాడేవి. ఆ తడిచీరల మధ్య దాగుడుమూతలాడుతూ, ఎవరింట్లో దిబ్బరొట్టె కాలిన వాసనొస్తే ఆ గడప ముందు అందరం కూలబడేవాళ్లం.

ఇంటాయనది ఒక్కటే షరతు: చేప వాసనొస్తే మర్నాడే గది ఖాళీ చెయ్యాలి. అంతలో అమ్మ నీళ్లోసుకుంది. ఏం తిన్నా కక్కేస్తోంది. కాల్చిన ఉప్పుచేప ముక్కుంటే చద్దన్నం లోపలికి పోతుందంటుంది. ఆ మాట విన్నారు చివరి గదిలో అప్పడాలొత్తుకుని బతికే మామ్మగారు, చేపంటే ఆమడ దూరం జరిగే మనిషి.

"ఒక్క పొయ్యి మీద కాలిస్తే కదే దొరికిపోయేది? అందరూ కాల్చండి," అన్నారావిడ.

ఆదివారం పొద్దున్నే ఐదు పొయ్యిల మీద ఉప్పుచేప చిటపటలాడింది. ఇంటాయన కండువా ముక్కుకడ్డం పెట్టుకుని వచ్చాడు.

"ఎవరింట్లోనండీ ఈ కంపు?"

అమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. మామ్మగారు మడిచీరతో గడప దాటారు.

"మా ఇంట్లోనే నాయనా. ఏం, నన్ను ఖాళీ చెయ్యమంటావేంటి?"

"మా ఇంట్లోనూనండీ!" "మా ఇంట్లో కూడానండీ!" అంటూ తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఇంటాయన మామ్మగారి పొయ్యికేసి చూశాడు. దానిమీద ఉన్నది పప్పు. కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. అమ్మ ఆ పూట రెండుసార్లు మారు వడ్డించుకుంది.

ఆ వరసిల్లు ఇప్పుడు లేదు. మా ఫ్లాట్‌లో కుళాయిలు ఐదున్నాయి, పక్కింటావిడ పేరు మాత్రం తెలియదు.

"అమ్మా, గ్రూపులో కంప్లైంట్ పెట్టనా?" అంది మా అమ్మాయి.

"పెట్టు. మా ఇంట్లోనేనని పెట్టు," అన్నాను.

ఒక్కటి మాత్రం నాకిప్పటికీ తేలలేదు. పప్పుగిన్నెను కళ్లారా చూసి కూడా ఇంటాయన ఎందుకు నోరు మెదపలేదు? మామ్మగారికి జడిశాడా, లేక పాపం, ఆయనకూ నోరూరిందా?