పక్క సీటు శిక్ష

ముందే చెప్పేస్తున్నాను: నా నోట్లో పడితే చీమ కూడా ఒంటెంత అవుతుంది. సగం కోసుకుని చదువుకోండి.

ప్రపంచ కప్పు కోసం ఖతార్ అంతా తవ్వి పోసిన రోజులవి. అల్ వుకైర్ దగ్గర మా క్యాంప్‌లో ఒక ఆచారం ఉండేది. సెలవు రోజు శుక్రవారం కంపెనీ పికప్ గేటు దాటుతుంటే చెయ్యెత్తినవాడల్లా ఎక్కేస్తాడు. ఎవరిని అడిగి తీశావని డ్రైవర్ని నిలదీయడం, పెళ్ళి పందిట్లో కూర్చుని వంట ఖర్చు అడిగినంత అమర్యాద.

అలాగే ఎక్కాడు మా తాపీ మేస్త్రీ, జగిత్యాల వైపు మనిషి. నడిపినవాడేమో తాళం ఎవరినీ అడక్కుండా తెచ్చాడు. అల్ సద్‌లో బండి డివైడర్ ఎక్కి, ఆకాశంలో రెండు పల్టీలు కొట్టి దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నడిపినవాణ్ణి పోలీసులు తీసుకుపోయారు. పక్క సీటులో ఉన్నవాణ్ణి కంపెనీకి వదిలేశారు. ఉద్యోగంలో ఉంచాలా, ఇంటికి పంపెయ్యాలా అన్నది మేనేజర్ తేల్చాలి. దుబాసీగా నన్ను పిలిచారు.

గది బయట మేస్త్రీ చెవిలో ఊదాను. "నాకేం తెలీదని చెప్పు. బతికిపోతావు."

"తెలుసు గదన్నా. దారిల ఐన్ ఖాలిద్ కాడనే చెప్పిండు, అడగకుండ తెచ్చిన అని."

"మరి దిగి చావలేకపోయావా?"

"దిగుదామనే అనుకున్న. ఏసీ సల్లగుండె."

లోపల కూడా అదే పాట. "ఎక్కేటప్పుడు ఎరుక లేదు సార్. ఎరుకైనంక దిగలే. గది నా తప్పే."

ఇక నేను లేచాను. తెలియక ఎక్కినవాడు వేరు, తెలిసి ఎక్కినవాడు వేరు, దొరికాక నిజం చెప్పేవాడు మరీ వేరంటూ గోడలు కంపించేలా వాదించాను.

మేనేజర్ పెన్ను కింద పెట్టాడు. "నడిపినవాడి శిక్ష నీకు వెయ్యను. తెలిశాక కూర్చున్నందుకు మాత్రం ఉంది. స్టేడియానికి పైకప్పు వేసేదాకా శుక్రవారం గేటు దాటకు."

"డ్యూటీ, సార్?"

"పొద్దున్నే. యల్లా, ఇక నడు!"

బయటికి రాగానే మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. "నీ మాట ఇంటే ఈపాటికి విమానంల ఉంటుంటినన్నా!"

ఆ వారమంతా క్యాంప్‌లో గదిగదికీ తిరిగి ఈ కథ చెప్పాను, నా సొంత తమ్ముడికి పతకం వచ్చినంత గొప్పగా.

పల్టీలు మీరే కోసేసి ఉంటారు. నేను అసలు కల్పించింది నా వాదన. మేనేజర్‌కి హిందీ వచ్చు, మేస్త్రీకీ వచ్చు; దుబాసీతో పనే పడలేదు. నేను మూల కుర్చీలో నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. గెలిచింది అతనొక్కడే.