పుల్ల ఇటేనా అండీ?

నా పెళ్ళి భీమడోలు, పుల్ల అనే రెండు ఊళ్ళ మధ్య చేపల చెరువుల్లో మునిగిపోబోయింది. ముంచబోయింది శత్రువులూ కాదు, చుట్టాలూ కాదు, సాక్షాత్తూ నేనే. అదీ ఒంటరిగా కాదు. కాబోయే మామగారినీ, ఆయన స్నేహితుణ్ణీ, పెళ్ళికూతుర్నీ వెంటేసుకుని మరీ ముంచబోయాను. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో పండక్కీ పబ్బానికీ ఈ కథ చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వాళ్ళ నోట్లో నేను మరీ వెధవాయిలా తేలుతున్నానని, ఉన్నదున్నట్టు నేనే రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే తెలుస్తోంది, పాపం వాళ్ళు చాలా తగ్గించి చెబుతున్నారు.

అప్పుడప్పుడే ఇంటికొక సెల్‌ఫోను వస్తున్న రోజులు. నేను ఏలూరులో ఒక సర్వే ఆఫీసులో గుమాస్తాని. సర్వే అనగానే గొలుసు పట్టుకుని పొలాల వెంట తిరిగే మనిషిని ఊహించుకోకండి. నా పని బీరువాలో ఉన్న మ్యాపులకి దుమ్ము దులపడం, అడిగినవాళ్ళకి నకళ్ళు ఇవ్వడం. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళడం తప్ప ఇంకో దారి నాకు తెలియదు. కానీ ఆ మాట ఎవరితోనైనా అంటామా?

మా పాస్టరు గారు నాకొక సంబంధం చెప్పారు. అమ్మాయి పేరు సుజాత, మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. తండ్రి దానియేలు మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. ఫొటో చూసిన రోజు నుంచీ నాకు అన్నం సయించడం మానేసింది. ఈ సంబంధం తప్పిపోతే ఇక నేను బతికి చేసేదేముందని మా పక్కింటివాళ్ళకి కూడా చెప్పుకున్నాను.

ఫొటో తిరిగిచ్చే నెపంతో వాళ్ళింటికి వెళ్ళాను. మాస్టారు నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి అన్నారు:

"ఫొటోలో అందరూ బానే ఉంటారు బాబూ. కాసేపు కలిసి నడిస్తే మనిషి తెలుస్తాడు. రెండో శనివారం మా నడకకి రండి."

మాస్టారి నడక అంటే ఏలూరులో తెలియనివాళ్ళు లేరు. ప్రతి రెండో శనివారం పొద్దున్న పాసింజరెక్కి ఏదో చిన్న స్టేషన్లో దిగుతారు. అక్కణ్ణుంచి పొలాల గట్ల మీదుగా తరవాతి స్టేషన్ దాకా నడుస్తారు. మాస్టారి భార్య మార్తమ్మ గారికి మోకాళ్ళ నొప్పులు. అందుకని ఆవిడ దిగకుండా అదే రైల్లో తరవాతి స్టేషన్‌కి వెళ్ళి, ప్లాట్‌ఫారం మీద చాప పరిచి, క్యారియర్లతో కాచుకుని ఉంటారు. నడిచి వచ్చినవాళ్ళు అక్కడ భోంచేసి, మధ్యాహ్నం పాసింజరులో అందరూ కలిసి ఏలూరు వచ్చేస్తారు. నడకకి ఒకటే రూలు: ఆ రోజు ముందు నడిచేవాడి మాటే మాట, వెనకవాళ్ళు అడ్డు రాకూడదు. ఎప్పుడో ఒకసారి ఇద్దరు ప్లీడర్లు దారి గురించి వాదించుకుంటూ రైలు తప్పించారట. అప్పట్నుంచీ మాస్టారు ఈ రూలు పెట్టారు.

"ఈసారి ముందు మీరే నడవండి," అన్నారు మాస్టారు.

"తప్పకుండానండీ. సర్వే ఆఫీసులో పనిచేసేవాణ్ణి, దారి సంగతి మీరు మర్చిపోండి," అన్నాను. మాస్టారి సంగతేమో గానీ, ఆ మాట దేవుడు మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

ఆ శనివారం చలికాలపు పొద్దున భీమడోలులో రైలు దిగాం. ఉన్నది నలుగురమే. మాస్టారు, సుజాత, మాస్టారి చిన్ననాటి స్నేహితుడు కరీం గారు, నేను. కరీం గారు పవర్‌పేటలో టైలరు. ఎదుటివాడి మనసు నొప్పించే మాట ఆయన నోట ఎవరూ వినలేదు. కొలతలు తీసేటప్పుడు ఎంత బొజ్జ ఉన్నా "బట్టే కాస్త బిగుతుగా వస్తోందండీ" అనే రకం.

కిటికీలోంచి మార్తమ్మ గారు నన్ను ఎగాదిగా చూసి అన్నారు:

"కొరమేను పులుసు, కోడి పలావు తెచ్చాను. చల్లారిపోకుండా తీసుకురండి బాబూ వీళ్ళని. పుల్ల స్టేషన్లో ఉంటాను."

రైలు ఆవిడతో, క్యారియర్లతో, ఆ ఇంటికున్న ఒక్క సెల్‌ఫోనుతో పుల్ల వైపు వెళ్ళిపోయింది. మేం ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని తలో కమలాపండూ తిని బయల్దేరాం.

అందరూ వెళ్ళే కాలవగట్టు దారిలో వెళితే నా గొప్పేముంది? రాత్రంతా ఆఫీసు మ్యాపు బట్టీపట్టాను. భీమడోలు నుంచి తిన్నగా దక్షిణానికి వెళ్ళి, కొల్లేటి వైపు గట్టు మీద ఎడమకి తిరిగితే, పక్షుల్ని చూసుకుంటూ పుల్లలో తేలతాం. మ్యాపులో ఆ మేర అంతా వరిచేలు. ఆ మ్యాపు గీసినాయన వరిచేలనే చూసి గీశాడు, ఆయన తప్పేం లేదు. ఆయన పోయాక ఆ చేలన్నీ చేపల చెరువులైపోయాయి, అంతే.

చెరువు పక్కన చెరువు, గట్టు పక్కన గట్టు. ఏ గట్టు చూసినా ఒకటే ఎత్తు, ఒకటే వెడల్పు, ఒకటే కొంగ. మ్యాపులో వీటి జాడే లేదు. అయినా గొంతు సవరించుకుని, "ఇక్కడ ఎడమకండీ," అన్నాను. ఎడమకి తిరిగాం. గట్టు అయిపోయింది. మళ్ళీ, "ఎడమకండీ," అన్నాను. ఎడమకి తిరిగితే పుల్ల వస్తుందన్నది ముమ్మాటికీ నిజం. కాకపోతే ఒక్కసారి తిరిగితేనే వస్తుంది. ఆ ముక్క అప్పట్లో నాకు తట్టలేదు.

దారిలో ఒకాయన బాతుల మందని మేపుకుంటున్నాడు. ఎర్రగళ్ళ చొక్కా, తలకి తువ్వాలు. నేను చెయ్యి ముందుకి చాపి, ధీమాగా అడిగాను:

"పుల్ల ఇటేనా అండీ?"

"ఆయ్, ఇటేనండి," అన్నాడాయన.

"చూశారా?" అన్నట్టు వెనక్కి తిరిగి సుజాత వైపు నవ్వాను. మీరు గోదావరి వైపువాళ్ళు కాకపోతే ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు "ఇటేనా అండీ" అని అడిగినవాణ్ణి "కాదండీ" అనడం మహా మొరటుతనం. మీరు హిమాలయాల వైపు చెయ్యి చాపి "సముద్రం ఇటేనా" అన్నా, "ఆయ్, ఇటేనండి, కాస్త దూరం అవుద్ది" అంటారు. నేనూ ఆ గడ్డ మీద పుట్టినవాణ్ణే. నా జన్మలో ఎవరినీ కాదనలేదు. అలాంటిది నాకే ఆ సంగతి గుర్తులేదు.

మళ్ళీ ఎడమ. మళ్ళీ గట్టు. సుజాత మెల్లిగా అంది:

"ఏవండీ, ఇందాక ఎండ మొహాన కొట్టింది. ఇప్పుడు వీపు మీద కొడుతోంది."

"చలికాలం ఎండ అంతేనండీ, ఒకచోట నిలవదు," అన్నాను.

లెక్కల టీచరు నా వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ కలలోకొస్తుంది. కానీ తండ్రి పెట్టిన రూలు, ఇంకేం మాట్లాడలేదు.

ఇంకాసేపటికి ఎదురుగా బాతులు. ఎర్రగళ్ళ చొక్కా. తువ్వాలు. నేను ఆగిపోయాను. ఆ మనిషి మాత్రం పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వి, "వచ్చారా అండీ," అన్నాడు.

"పుల్ల... ఇటేనా అండీ?" అన్నాను, ఈసారి చెయ్యి సగమే లేచింది.

"ఆయ్, ఇటేనండి!"

వెనక నుంచి కరీం గారు అందుకున్నారు:

"ఇందాకటాయన తమ్ముడేమోనండీ. అదే పోలిక."

"చొక్కా కూడా అదే," అన్నారు మాస్టారు.

"అన్నదమ్ములకి ఒకే తానులో కుట్టించేస్తారండీ. మా షాపుకి ఎంతమంది రారూ!"

"బాతులు?" అంది సుజాత.

"బాతులన్నీ ఒకేలా ఉంటాయమ్మా," అన్నారు కరీం గారు, నా చెమట చూడలేక.

ఆయన కాళ్ళ మీద పడిపోదామనిపించింది. దారి తప్పామని అప్పుడు చెప్పేసి ఉంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే సుజాత దక్కదు. సర్వే ఆఫీసు, మ్యాపులు, దారి సంగతి మర్చిపోండి అన్న డాంబికం, అన్నీ కలిసి ఆ మాటకి అడ్డం పడ్డాయి. ఇంతలో దూరంగా రైలు కూత వినిపించింది. ప్రాణం లేచొచ్చింది.

"అదుగోనండీ స్టేషన్!" అని అరిచి, కూత వినిపించిన వైపు దాదాపు పరిగెత్తించాను అందర్నీ. రైలు కూసిన వైపు స్టేషన్ ఉంటుందని పసిపిల్లలకైనా తెలుసు. ఏ స్టేషనో కూతలో తెలియదు కదా.

ముళ్ళ కంపలు దాటి, బురదలోంచి ఈడ్చుకుంటూ, వెనక వైపు నుంచి ప్లాట్‌ఫారం ఎక్కాం. మాస్టారి పంచె మోకాళ్ళ దాకా బురద. కరీం గారి చెప్పు ఒకటి ఏ చేప నోట్లోనో ఉంది. నేను మాత్రం రొమ్ము విరుచుకుని నిలబడి ఉపన్యాసం మొదలెట్టాను.

"మొత్తానికి పుల్ల చేరామండీ! దారి కాస్త చుట్టయినా, ఇన్ని పక్షుల్ని ఒక్క నడకలో చూసినవాళ్ళు ఏలూరులో ఇంకెవరూ ఉండరు..."

"అమ్మేదీ?" అంది సుజాత.

చాప లేదు. క్యారియర్లు లేవు. మార్తమ్మ గారు లేరు.

"నీళ్ళకి వెళ్ళి ఉంటారులెండి," అన్నాను.

సుజాత బెంచీ కిందకి చూసింది. "పొద్దున్న మనం తిన్న కమలాపండ్ల తొక్కలు ఇవి."

"ఏ స్టేషన్లోనైనా తొక్కలుంటాయమ్మా," అన్నారు కరీం గారు. ఈసారి మాత్రం ఆయన గొంతులో కూడా బలం లేదు.

అప్పుడు తలెత్తి చూశాను. పసుపుపచ్చ బోర్డు మీద, ఇంతింత లావు నల్లటి అక్షరాలతో, మూడు భాషల్లో రాసి ఉంది: భీమడోలు.

మూడు భాషలూ చదివాను, ఒక్కదాంట్లోనైనా పుల్ల అని ఉంటుందేమోనని.

అలా నిలబడి ఉండగానే పుల్ల వైపు నుంచి మధ్యాహ్నం పాసింజరు వచ్చి ఆగింది. ఆడవాళ్ళ పెట్టె కిటికీలో మార్తమ్మ గారి మొహం. పొద్దుటినుంచీ ఎదురుచూసి చూసి, వీళ్ళకేమైందోనని గాభరాపడి, ఏడుపు ఆపుకుంటూ ఈ రైలెక్కారట. పొద్దున్న ఎక్కడ దింపేసి వెళ్ళారో సరిగ్గా అక్కడే, అదే బెంచీ దగ్గర, నలుగురమూ వరసగా నిలబడి కనిపించాం. ఆవిడ కళ్ళు నులుముకుని, రైలంతా వినిపించేలా కేకేశారు:

"ఏవండీ! మీరింకా బయల్దేరనే లేదా?"

రైలు కదిలిపోతుందని అందరం అందిన పెట్టెలోకి ఎగబాకాం. దెందులూరులో ఆగినప్పుడు మార్తమ్మ గారు క్యారియర్లతో సహా మా పెట్టెలోకి వచ్చి కూర్చున్నారు. చల్లారిపోయిన పలావు పళ్ళేల్లో పెడుతూ విచారణ మొదలెట్టారు.

"ఏవండీ, దారి తప్పారని మీకు తెలియలేదా?"

"బాతుల దగ్గరే తెలిసింది," అన్నారు మాస్టారు తల దించుకుని. "ముందు నడిచేవాడికి అడ్డు రాకూడదని రూలు పెట్టింది నేనే కదా. పైగా కొత్తబ్బాయి, నొచ్చుకుంటాడేమోనని."

"కరీం గారూ, మీకు?"

"నాకు అంతకుముందే తెలుసండీ. మాస్టారు నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను."

"మరి నీకు తెలియలేదుటే?"

"నాకు రెండో ఎడమ దగ్గరే తెలుసమ్మా," అంది సుజాత. "చెప్పాను. ఎండ ఒకచోట నిలవదన్నారు."

ఆవిడ నా వైపు తిరిగారు. "మరి మీకు ఎప్పుడు తెలిసింది బాబూ?"

ఇక అయిపోయిందనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

"నాకూ బాతుల దగ్గరే తెలిసిందండీ. చెబితే... ఈ సంబంధం తప్పిపోతుందేమోనని భయమేసింది."

పక్క బెంచీవాళ్ళు కూడా మాటలాపేసి తీర్పు కోసం చూస్తున్నారు. మార్తమ్మ గారు పెద్దగా నిట్టూర్చి, "ఏం చేద్దామే?" అని కూతుర్ని అడిగారు.

"ఈయన్నే చేసుకుంటానమ్మా," అంది సుజాత.

"ఏం చూసి?"

"ఇంకెవర్ని చేసుకున్నా, దారి నాకు తెలుసు, నువ్వు వెనక నడు అంటారు. ఈయన ఇక జన్మలో ఆ మాట అనలేరు."

మార్తమ్మ గారు ఒకసారి మాస్టారి బురద పంచె వైపు చూశారు. తరవాత గరిటె తీసుకుని, పులుసులోంచి కొరమేను తలకాయ వెతికి తీసి, నా పళ్ళెంలో వేశారు. కరీం గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ తలకాయ ఎప్పుడూ ఆయన వాటానట.

ఆ పాసింజరు రైలు సాక్షిగా, చేతిలో కొరమేను తలకాయ పట్టుకుని, నేను ఒట్టు పెట్టుకున్నాను. ఇక బతికినన్నాళ్ళూ ఏ నడకలోనూ ముందు నడవను. ఆఫీసు మ్యాపుకి దుమ్ము దులుపుతానే తప్ప దాన్ని నమ్మను. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎవర్నీ "ఇటేనా అండీ" అని చచ్చినా అడగను. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని "ఎటండీ?" అని అడుగుతాను. ఇన్నేళ్ళలో ఆ ఒట్టు ఒక్కసారీ తప్పలేదు.

ఇదంతా రాసి నిన్న సుజాతకి చదివి వినిపించాను. సగంలోనే నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అంతా అయ్యాక అడిగాను:

"బానే రాశానా?"

"ఆయ్, బానే రాశారండి," అంది.