ఒకే పాట, ఇద్దరి ఊపిరి

మా ఇంట్లో నన్ను రాతిగుండెది అంటారు... నాన్న పోతుంటే ఏడవకుండా వేళ్లు లెక్కపెడుతూ కూర్చున్నానట. ఆ లెక్క ఎవరు నేర్పారని వాళ్లెవరూ అడగలేదు, నాన్నే అని నేనూ చెప్పలేదు.

నేనూ తమ్ముడూ చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు రాయ్‌పూర్‌లో, మోవా అనే పేటలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. నాన్నకి ఊరి బయట సిల్తారాలో, ఇనుము తయారుచేసే స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో పని. మెషిన్లు బిగించడానికి వచ్చిన ఇటలీ ఇంజినీరు ఒకాయన వెళ్లిపోతూ వదిలేసిన రెండు సీడీలు నాన్న ఇంటికి తెచ్చాడు. రెండింట్లోనూ ఒకే ఒపేరా, అంటే పాటల్లోనే సాగే నాటకం... పాడినవాళ్లు వేరు.

నాన్నకి సెలవు దొరికిన రోజున చివరి పాట రెండు సీడీల్లోనూ వినేవాళ్లం. జబ్బుపడిన మనిషి ప్రాణం పోయేముందు పాడే పాట అని ఆ ఇంజినీరు చెప్పాడట. ఆఖరి చరణంలో, పాడే ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడల్లా నాన్న ఒక వేలు మడిచేవాడు. మొదటావిడకి ఆరు వేళ్లు సరిపోయేవి. రెండోది పాత రికార్డింగు... ఆవిడ మాట మధ్యలో ఆగిపోయేది. రెండు చేతులూ చాలేవి కావు.

నాకు మొదటావిడే గొప్ప. నాన్న ఒప్పుకునేవాడు కాదు.

"ఆవిడ పాడతంది. ఈవిడ చచ్చిపోతంది, సరిగ్గా ఇను" అనేవాడు.

నేను ఇంటర్‌లో ఉండగా ఒక సాయంత్రం నాన్న గేటు దగ్గర నుంచి తమ్ముణ్ణి పిలిచాడు... పేరు మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. నాలుగక్షరాల పేరు.

డాక్టరుకి చూపిద్దామని అమ్మతో అన్నాను. దగ్గయినా లేదు కదా అంది. పక్కనే ఉన్న మా మేనత్త మాత్రం సీడీల వైపు చూసింది.

"ఇంట్లో రోజూ ఆ చావు ఏడుపు పెడితే ఏటవుద్దే పిల్లా? పహలే... ముందు అది బంద్ చెయ్."

నాన్నకి దిష్టి తీశారు. సీడీలు పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేశారు. అపశకునం పోయింది, ఇక తేరుకుంటాడని నిజంగానే నమ్మారు... ఎక్స్‌రే తీయించేసరికి ఏడాది దాటింది. ఊపిరితిత్తుల్లో ఫ్యాక్టరీ దుమ్ము పేరుకుపోయిందన్నాడు డాక్టరు.

నిరుడు ఆసుపత్రిలో, ఆఖరి రోజున, నాన్న పక్కన కూర్చుని వేళ్లు మడిచాను. ఒక్కో ఊపిరికీ ఒకటి. అత్త చూసింది అదే.

ఇప్పుడు ఫోన్లో ఆ ఒపేరాకి ఎన్ని రికార్డింగులో... అన్నీ విన్నాను. కొత్తవాటిలో ఊపిరి చప్పుడు వినపడనే వినపడదు. గొంతు మాత్రం అద్దంలా ఉంటుంది. మీ ఇంట్లోవాళ్ల గొంతులో మీరు మాత్రమే గమనించినదేదైనా ఉంటే కింద రాయండి... చదువుతాను.

నిన్న అమ్మ ఒక కాగితం తెచ్చింది. నాన్న పోయినందుకు, ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ షెడ్డులోనే తమ్ముడికి ఉద్యోగం ఇస్తారట. నాన్న వారసులందరూ అభ్యంతరం లేదని రాసివ్వాలట. తమ్ముడి అన్నం మీద నాకు అక్కసని అంటోంది అత్త.

నేను సంతకం పెట్టను.