కొట్టి చూడని గడపరాయి
సారపాకల మా కాలనీ గుడి కట్టడానికి వచ్చిన ముసలి స్థపతి ఏ రాయినైనా వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేటోడు. గంటలాగ మోగితే మంచి రాయి, మొద్దుగా వినిపిస్తే లోపల పగులున్నట్టు. పని నేర్చుకునేటప్పుడు మూడేండ్లు గురువు ఉలి ముట్టనియ్యలేదంట. లారీలెక్కి క్వారీ క్వారీ తిరిగి రాళ్లను వినుడే చదువు.

ముహూర్తానికి ముందురోజు గడపరాయి దిగింది. ఆయన దాని మీద చెయ్యేసి, ఊరికే కూర్చున్నడు.

"కొట్టి చూడవా, తాతా?" అన్న.

"మోగకపోతే ఏం జేస్తం బిడ్డా? రేపే నిలబెట్టాలంటున్రు. నాకు ఓపిక లేదు."

ఇప్పుడు అందరూ ఆ గడపకు మొక్కి లోపలికి పోతరు. మొక్కుదామని వంగితే నా వేలు దానంతటదే మడత పడ్తది. ఇప్పటిదాకా నేను గూడ కొట్టి చూడలే.