గోటి మీద పదును

మా పెదనాన్న ముప్ఫై నాలుగేళ్ళు ఫ్యాక్టరీలో టర్నర్‌గా చేశాడు. రిటైరయ్యాక చేతులు ఊరుకోక, కుట్టుమిషనంత సైజులో, కడ్డీలు చెక్కే లేత్ ఒకటి కొని వెనకగదిలో పెట్టుకున్నాడు. అది తిరుగుతున్నంతసేపూ ఇల్లు ప్రశాంతంగా ఉండేది. ఆగితే మా అందరి మీదా విసుగే.

పేచీ అంతా లేత్‌కి బిగించే కోత బిట్ల దగ్గర వచ్చింది. ఆయనకి కార్బైడ్‌వే కావాలి. డబ్బాలోంచి తీసి బిగిస్తే చాలు, సాన పట్టక్కర్లేదు. కానీ అవి గట్టివే గానీ పెళుసు. చిన్న మిషన్ కాస్త వణికినా అంచు పెచ్చులూడిపోతుంది. "ఇంటి మిషన్‌కి మామూలు స్టీలు బిట్ చాలండీ, మీరే సాన పట్టుకోండి" అని కొట్టతను చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వింటేగా. ఉత్త మొండితనం అనుకుని నేనూ లోపల తిట్టుకున్నాను.

నాలుగో డబ్బా కూడా పాడయ్యాక, "ఈ మిషన్ ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా" అన్నాడు నాతో. అది పోతే మనిషి మంచం పట్టేస్తాడు.

పెద్దమ్మ బట్టలు కుడుతుంది. మర్నాడు పొద్దున్నే కొట్టుకి వెళ్ళి స్టీలు బిట్ ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"సాన పట్టండి. పదును నేను చూస్తాను."

"నీకేం తెలుసు?"

"సూది మొన రోజూ గోటి మీదే చూస్తాను. మీరూ అలాగేగా చూసేవారు."

ఆయన గ్రైండర్ వేశాడు. పెద్దమ్మ మధ్యమధ్య బిట్‌ని వేలితో తాకి, "కాలుతోంది, నీళ్ళలో ముంచండి" అంది. అంచుని బొటనవేలి గోటి మీద ఆనించి, "జారుతోంది, ఇంకాస్త" అంది. మూడోసారికి అంచు జారకుండా గోటిని గీసింది. ఆ బిట్ బిగిస్తే ఇత్తడి కడ్డీ మీంచి సన్నటి పొట్టు గలగలా రాలింది.

పెదనాన్న మిషన్ ఆపాడు.

"షుగర్‌కి వేళ్ళు మొద్దుబారిపోయాయే. పదునూ తెలియదు, వేడీ తెలియదు."

"తెలుసు. పొగలొచ్చే కాఫీ గ్లాసు పట్టుకుని కబుర్లు చెబుతుంటే చూడనా?"

"మరి అడగలేదే?"

"మీరే చెబుతారని."

నాకు ఏడుపొచ్చింది. నా తిట్లన్నీ నాకే తగిలాయి. పెద్దమ్మ తన చెయ్యి ఆయన చేతిలో పెట్టి, "ఇది తెలుస్తోందా?" అని అడిగింది.

"లేదు" అన్నాడు పెదనాన్న. అయినా ఆ చెయ్యి వదల్లేదు.