దిద్దుబాటాయన సొంత తప్పు

మా బాబాయి ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ముప్పై ఏళ్ళుగా అదే కుర్చీ, అదే ఎర్ర పెన్ను. అక్కడ అందరూ ఆయన్ని దిద్దుబాటాయన అంటారు. ఇంటికొచ్చినా ఆ చెయ్యి ఊరుకోదు. పిన్ని సరుకుల చీటీ రాసి బల్ల మీద పెడితే, ఆవిడ సంచీ తెచ్చుకునేలోపు అందులో రెండు దీర్ఘాలు, ఒక వత్తు కొత్తగా చేరతాయి.

దేవుడి విషయంలో ఆయనకి అనుమానాలేవీ లేవు. ఆ ప్రెస్సులో ఎక్కువగా అచ్చయ్యేవి చర్చి పుస్తకాలే. లేఖనాలు మొదటి నుంచి చివరిదాకా పదకొండుసార్లు అక్షరం వదలకుండా చదివాడు. ఇక నమ్మకమంటారా, పొల్లు పోకుండా నమ్మేవాడు. "నేను దేవుణ్ణి బాగా ఎరుగుదును" అని ఆయన అంటే కాదనడానికి మా పాస్టరుగారు కూడా జంకేవారు. కాదంటే వెంటనే ఏ అధ్యాయం, ఏ వచనం అని అడుగుతాడు మరి.

ఇంత ఎరిగిన మనిషి, పక్కగదిలో పుస్తకాలు కుట్టే బైండింగాయనతో తొమ్మిదేళ్ళు మాటల్లేకుండా ఉన్నాడు.

అంతకుముందు వాళ్ళది ఒకే క్యారియరు. బైండింగాయన రెండేళ్ళు పెద్ద, అందుకని బాబాయి "అన్నా" అనేవాడు. ఒకసారి ఏదో సంస్థవాళ్ళ పుస్తకం ఐదు వందల కాపీలు వెళ్ళాయి. వారం తిరక్కుండా అన్నీ వెనక్కొచ్చాయి. మధ్యలో పదహారు పేజీలు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి పడ్డాయి. ప్రెస్సు యజమానురాలు, అందరూ ప్రెస్సమ్మ అంటారు, పనివాళ్ళందరి ముందూ ఇద్దర్నీ నిలబెట్టి అడిగింది. "నేను సరిగ్గానే చూశానమ్మా, మడతల దగ్గర కలిసిపోయి ఉంటాయి" అన్నాడు బాబాయి. బైండింగాయన ఆ కట్టలు తన గదికి మోసుకుపోయాడు. ఐదు వందల పుస్తకాలూ విప్పి మళ్ళీ కుట్టడానికి ఆయనకి మూడు వారాలు పట్టింది. వేళ్ళు పుళ్ళు పడ్డాయి.

నిజానికి రెండు ఫారాలకి, అంటే ఎనిమిదేసి పేజీలుగా మడిచే అచ్చు కాగితాలకి, పేజీ అంకెలు తారుమారై పడ్డాయి. దిద్దాల్సింది బాబాయి. ఆ సాయంత్రమే తన సంతకమున్న ప్రూఫులో ఆ తప్పు చూసుకున్నాడు, కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. మర్నాటి నుంచి బైండింగాయన మాట్లాడలేదు. ఈయనా మాట్లాడలేదు. తప్పు చేసినవాడికే బిగువెక్కువంటారు కదా. ఆ తర్వాత ఒకరికొకరు ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి ప్రెస్సమ్మకివ్వడం, ఆవిడ మోకాళ్ళు పట్టుకుని ఈ గది నుంచి ఆ గదికి నడవడం, అలా గడిచిపోయింది.

పోయిన ఏడాది పాస్టరుగారు తన ప్రసంగాలు పుస్తకంగా వేయించుకుందామని ఇచ్చారు. అందులో ఒకచోట ఇలా ఉంది: దేవుణ్ణి ఎరుగుదునని చెప్పుకుంటూ ఆయన చెప్పింది చెయ్యనివాడు అబద్ధికుడు. బాబాయి పెన్ను అక్కడ ఆగింది. 'అబద్ధికుడు' చుట్టూ సున్నా చుట్టి, పక్కన రాశాడు: "మాట కఠినంగా ఉంది. 'పొరపాటుపడినవాడు' అంటే ఎలా ఉంటుంది?"

రెండోరోజు ప్రూఫు తిరిగొచ్చింది. దాని కింద పాస్టరుగారి చేతిరాత: "బాగానే ఉంటుంది. కానీ మాట నాది కాదు, లేఖనాల్లో అపొస్తలుడిది. ఆయన్ని అడగలేం కాబట్టి అలాగే ఉంచండి."

ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాట గురించే సణిగాడు. పిన్ని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది.

"ఎవరి గురించి రాశారట?"

"ఎవరని ఏముంది, అందరి గురించీ."

"అందర్నీ అంటే మీకెందుకు అంత మంట?"

బాబాయి తొమ్మిదేళ్ళకి మొదటిసారి ఆ చింపేసిన కాగితం సంగతి చెప్పాడు. పిన్ని చేతిలో కాయ కింద పెట్టింది.

"మరి వెళ్ళి చెప్పకూడదూ?"

"ముందు ప్రార్థన చేసుకోవాలి. దేవుడి చిత్తం ఏమిటో తెలియాలి."

"పదకొండుసార్లు చదివారు. తప్పు చేస్తే ఎదుటివాడి దగ్గరకి పోయి సమాధానపడమని ఉందా, లేదా?"

"ఉంది."

"అచ్చుతప్పేమీ కాదుగా?"

"కాదు."

"అయితే పన్నెండోసారి చదవకండి. రేపు పొద్దున్నే వెళ్ళండి."

వెళ్ళాడు. ఎంత దూరమని, తొమ్మిది అడుగులు. అవి దాటడానికి అరగంట పట్టింది. ముందు పెన్నులో ఎర్ర సిరా పోసుకున్నాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు, ఎవరూ అడక్కపోయినా బల్ల దులిపాడు. చివరికి గుమ్మంలో నిలబడ్డాడు. బైండింగాయన నేల మీద కూర్చుని జిగురు రాస్తున్నాడు.

"అన్నా, ఆ ఐదు వందల పుస్తకాల్లో తప్పు నాది. అంకెలు నేను చూసుకోలేదు. తెలిసి కూడా నీ మీదకి తోశాను. ఆ కాగితం చింపేశాను. నన్ను క్షమించు."

"నాకు తెలుసు" అన్నాడు బైండింగాయన, కుంచె ఆపకుండా. "విప్పి కుట్టినవాణ్ణి, అంకెలెక్కడ తప్పాయో చూడనా?"

"మరి ప్రెస్సమ్మకి చెప్పలేదేం?"

"చెబితే నీ ఉద్యోగం పోయేది. నావి వేళ్ళేగా పోయాయి." అప్పుడు తలెత్తాడు. "అయినా నేనేమీ మంచివాణ్ణి కాదులే. నీ మొహం చూడబుద్ధి కాలేదు. కానీ నీలాగా నాకు చదువు లేదు, నాకు తెలిసినవి నాలుగే మాటలు. అందులో ఒకటి, బాధపెట్టినవాడి కోసం ప్రార్థన చెయ్యమని. దేవుడు చెయ్యమన్నాడు కాబట్టి చేశాను. మొదట్లో నువ్వు బాగుండాలని అడగడానికి నోరు రాలేదు. నీ పన్నునొప్పి కాస్త తగ్గాలని అడిగాను, అంతవరకే. చెయ్యగా చెయ్యగా నీ మీద కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. ఆయన ఎలాంటివాడో మాత్రం కొంచెం తెలిసింది."

"కోపం పోతే మాట్లాడొచ్చు కదా, అన్నా."

"అప్పటికి అలవాటైపోయింది. సిగ్గేసింది. అది నా తప్పు."

బాబాయి ఆ నేల మీదే కూలబడ్డాడు. జిగురు చూసుకోలేదు.

నింద అందరి ముందూ పడింది కాబట్టి నిజమూ అందరి ముందే చెప్పాలని, ప్యాంటుకి అట్టముక్క అంటుకున్నది కూడా చూసుకోకుండా ప్రెస్సమ్మ దగ్గరకి వెళ్ళి గట్టిగా చెప్పాడు. మిషన్లు ఆగాయి. ఆవిడ అంతా విని కుర్చీలో వెనక్కి వాలింది.

"ఆయనకి క్షమాపణ చెప్పావు, నాకూ చెప్పావు. తొమ్మిదేళ్ళు చీటీలు మోసిన ఈ మోకాళ్ళకి ఎవరు చెబుతారయ్యా?"

ఉద్యోగం పోలేదు. రోజూ సాయంత్రం ఆవిడ గదికి కాగితాలు మోసే పని మాత్రం అదనంగా పడింది.

ఆ రాత్రి భోజనాల తర్వాత పిన్నితో అన్నాడట: "ఇన్నేళ్ళూ దేవుణ్ణి చదువుతున్నాను, అంతే. ఇవాళ ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడు పక్కన ఎవరో ఉన్నట్టనిపించింది. ఎరగడమంటే ఇదేనేమో."

"కావచ్చు" అంది పిన్ని. "కంచం తీస్తారా?"

తీశాడు. ఆవిడ చెబుతుంది, అదీ మొదటిసారేనట.

ఇప్పుడు మధ్యాహ్నం ఇద్దరూ బైండింగు గదిలోనే తింటారు. తొమ్మిదేళ్ళ మాటలు బాకీ ఉన్నట్టు బైండింగాయన మనవల కబుర్లు ఆపడు. బాబాయి ఓపిక కోసం ప్రార్థన చేసుకుంటూ వింటాడు. అది లేఖనాల కన్నా కష్టమంటాడు. మొన్న బైండింగాయనకి నడుం పట్టేస్తే బాబాయి అక్కడే ప్రార్థన చేశాడు, గ్రాంథికంలో, ఒక్క పొరపాటు లేకుండా, చాలాసేపు. మధ్యలో బైండింగాయన ఒక కన్ను తెరిచాడు.

"తమ్ముడూ, ఆయనకి అర్థమైపోయి ఉంటుంది. ముందు నన్ను లేవదీయి."