లోపల తీగ లేని చెయ్యి

మా చిన్నప్పుడు... నస్పూర్‌లో కంపెనీ క్వార్టర్ గడప మీద కూర్చుని పుట్టీ పిసికేదాన్ని. పైపులు కారితే పూసే రెండు ముద్దల పుట్టీ... కలిపిన కాసేపటికే రాయి అయిపోయేది. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో... బొగ్గుగనిలో పంపుల ఫిట్టర్. మిగిలిన ముక్కలు నాకు తెచ్చేవాడు.

ఆ రోజు బాపునే చేశాను. బొటనవేలంత మనిషి... తలకు లైటు, చాచిన చేతిలో పానా. అవ్వ... అమ్మను అలాగే పిలిచేవాళ్లం... చీర పిన్నీసుతో చొక్కా ముడతలు గీశాను. గట్టిపడ్డాక గూట్లో పెడుతుంటే బొమ్మ చెయ్యి పుటుక్కున విరిగింది.

పక్కింటి పెద్దమ్మ చూసింది.

"ఓ పిల్లా! బతికున్న మనిషికి బొమ్మ చేస్తరా? గాయన డ్యూటీల ఉన్నడు... గిదేం శకునమే!"

మొదటి షిఫ్టు వాళ్లంతా వచ్చేశారు. బాపు రాలేదు... గంజు గిన్నెలో కడిగిన బియ్యం అలాగే ఉన్నాయి, అవ్వ పొయ్యి ముట్టించలేదు. విరిగిన చేతిని పిడికిట్లో పట్టుకుని మూలన కూర్చున్నాను. బాపుకేమైనా అయితే నా వల్లే... అంతే తెలుసు నాకు.

దీపాలు పెట్టే వేళకు సైకిల్ చప్పుడు. బాపు... రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని!

"పంపు ఖరాబైంది, నా బదులు దిగే రిలీవర్ రాలే. గట్ల జూస్తరేంది అందరు?"

ఏడుస్తూ చెప్పాను. బొమ్మను లైటు కింద తిప్పి చూసి బాపు నవ్వాడు.

"లోపల తీగ పెట్టలే బిడ్డా, గందుకే ఇరిగింది. బాయిల పైకప్పు గూడ గంతే... కింద ఆసరా కర్ర పెట్టకుంటే కూలుతది. నీ బొమ్మతోని గాదు." తర్వాత పెద్దమ్మ వైపు తిరిగాడు. "వదినా, శకునం ఎందుకు గని... కర్రలు సరిగ్గ పెట్టుమని మేనేజర్‌ను అడుగుదాం, వస్తవా?"

"నువ్వైతే వచ్చినవ్, గది సాలు. ఓ చెల్లె, బియ్యం పెట్టరాదె!" అంటూ పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది.

అన్నం ఉడికేలోపు బాపు తీగముక్క దూర్చి, కొత్త పుట్టీతో చెయ్యి అతికించాడు. ఆయన బొటనవేలి గీతలు ఆ అతుకులో అలాగే గట్టిపడ్డాయి.

ఇప్పుడు నేను బొమ్మలు చేసే పుట్టీ కొరియర్‌లో వస్తోంది. ఫోన్‌లో మెసేజ్‌లూ వస్తున్నాయి... విరిగిన బొమ్మ ఇంట్లో ఉంటే అరిష్టమట! పంపేది చదువుకున్నవాళ్లే. ఎందుకు విరిగిందని ఒక్కరైనా అడగరేం? కప్పు కూలితే కర్ర ఎవరు పెట్టలేదని అడగరేం? పిల్లల నెత్తిన ఆ భయం పెట్టే హక్కు మీకెవరిచ్చారు?

బాపు రెండు చేతులతోనే రిటైరయ్యాడు. బొమ్మ నా బల్ల మీదే ఉంది... అతుకు దగ్గర వేలు పెడితే ఆ గీతలు ఇప్పటికీ తగులుతాయి.

అరిష్టమని మీ ఇంట్లో ఏం పారేయించారు? పారేయనివ్వకుండా ఎవరు అతికించి ఇచ్చారు? వాళ్ల గురించి రాయండి... అలాంటి చేతులు ఇప్పుడు ఎక్కడా కనబడటం లేదు.